స్నాప్‌లు ఎవరికి దక్కాయో చూడండి: 2012 వేసవిలో సియాటిల్ క్వార్టర్‌బ్యాక్ పోటీ

2012 ఆగస్టు 26, ఆదివారం. సియాటిల్ సీహాక్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నుంచి ఆ ఒక్కరోజే మూడు వార్తలు వచ్చాయి. అంతకుముందు ఏడాది 14 మ్యాచ్‌లలో జట్టును నడిపిన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ పాస్‌లు వేసే ఆటగాడు) టార్వారిస్ జాక్సన్‌ను బఫలో జట్టుకు ఇచ్చేశారు. ఆ నెలలోనే తెచ్చుకున్న 38 ఏళ్ల రిసీవర్ (పాస్‌లు పట్టే ఆటగాడు) టెరెల్ ఓవెన్స్‌ను ఇంటికి పంపేశారు. మూడోది అసలు వార్త. ఐదు నెలల కిందట కోటి డాలర్ల గ్యారంటీ ఇచ్చి తెచ్చుకున్న మరో క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ఫ్లిన్‌ను పక్కన కూర్చోబెట్టి, డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) 75వ ఆటగాడిగా తీసుకున్న కొత్త కుర్రాడు రసెల్ విల్సన్‌కు తొలి మ్యాచ్ నుంచే జట్టును అప్పగిస్తున్నట్టు కోచ్ పీట్ క్యారోల్ ప్రకటించాడు.

తర్వాత ఏం జరిగిందో తెలిసినవాళ్లకు ఇదేమంత పెద్ద నిర్ణయంలా అనిపించదు. ఏడాదిన్నర తిరక్కుండానే అదే విల్సన్‌తో సియాటిల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ గెలిచింది. కానీ ఆ ఆగస్టులో నిలబడి చూస్తే లెక్క వేరు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా వేసవిలో రెండు మూడు జట్లు 'మా దగ్గర క్వార్టర్‌బ్యాక్ స్థానానికి పోటీ ఉంది' అని చెబుతుంటాయి. వాటిలో చాలావరకు పేరుకే పోటీలు. ఎవరికి ఎంత జీతం రాశారో, ఎవరిని డ్రాఫ్ట్‌లో ఎన్నో నంబరులో తీసుకున్నారో చూస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. మరి నిజమైన పోటీని గుర్తుపట్టేదెలా? కోచ్ మాటలను బట్టి చెప్పలేం. ప్రీసీజన్‌లో, అంటే సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌ల అంకెలను బట్టి అయితే అసలే చెప్పలేం. ప్రాక్టీసులో బంతి ఎవరి చేతికి ఎన్నిసార్లు వచ్చింది, పక్కన ఏ వరుస ఆటగాళ్లు ఉన్నారు, ఎదురుగా ఎవరు నిలబడ్డారు అన్నదే చూడాలి. సియాటిల్ కథను ఇప్పటికీ చెప్పుకోవడానికి కారణం అదే.

ఒకే ఒక్క కుర్చీ

ఈ ఆటలో మిగతా స్థానాలు వేరు, క్వార్టర్‌బ్యాక్ స్థానం వేరు. ఇద్దరు రన్నింగ్‌బ్యాక్‌లను మార్చి మార్చి ఆడించవచ్చు. రిసీవర్లు ముగ్గురు నలుగురు ఉంటారు. డిఫెన్స్‌లోనూ మనుషులు వస్తూ పోతూ ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఒక్కడే. క్రికెట్‌తో పోల్చాలంటే వికెట్‌కీపర్ స్థానం కొంత దగ్గరగా ఉంటుంది. అయితే రెండో కీపర్ కనీసం బ్యాట్స్‌మన్‌గానైనా జట్టులో చోటు సంపాదించుకుంటాడు. రెండో క్వార్టర్‌బ్యాక్‌కు ఆ దారి కూడా లేదు. మొదటివాడికి దెబ్బ తగిలేదాకా చేతిలో బోర్డు పట్టుకుని గీత బయట నిలబడాల్సిందే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట ఈ స్థానానికి అతికినట్టు సరిపోతుంది.

పని కూడా అలాంటిదే. ఒక ఆట, అంటే మ్యాచ్‌లో ఒక్కో ప్లే, ముగిశాక తర్వాతిది మొదలుపెట్టడానికి ఉండేది 40 సెకన్లు. హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌లో కోచ్ గొంతు వినిపిస్తుంది. గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ స్పీకర్ మూగబోతుంది. ఈలోగా విన్న సంకేతాన్ని, అది ఒక్కోసారి పది పదిహేను మాటల పొడవుంటుంది, హడిల్‌లో (అందరూ గుమిగూడే చోట) మిగతా పదిమందికి ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పాలి. గీత దగ్గరికి వెళ్లి ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూడాలి. అవసరమైతే ఆటనే మార్చాలి. అప్పుడు బంతి చేతికొస్తుంది. ఆ తర్వాత ఉండేది రెండున్నర, మూడు సెకన్లు.

ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు, చేస్తే వస్తుంది. ఒక్కో ప్రయత్నాన్ని స్నాప్ అంటారు. శిక్షణ శిబిరంలో 90 మంది ఉంటారు, సీజన్ మొదలయ్యేసరికి 53 మంది మిగులుతారు. రోజుకు ఉండేవి ఆ కాసిని స్నాప్‌లే. 2011లో ఆటగాళ్ల సంఘంతో లీగ్ కుదుర్చుకున్న ఒప్పందం వల్ల ఒకేరోజు రెండుసార్లు పూర్తి ప్యాడ్లతో ప్రాక్టీసు చేయించే పద్ధతి పోయింది. ఆటగాళ్ల ఒళ్లు కాస్త తెరిపినపడింది, స్నాప్‌లు మాత్రం ఇంకా కరువయ్యాయి. అందుకే మామూలుగా మొదటి క్వార్టర్‌బ్యాక్‌కు సింహభాగం, రెండోవాడికి మిగిలింది ఇస్తారు. మూడోవాడు నిలబడి చూస్తాడు. మూడోవాడికి అవకాశం ఇవ్వాలంటే మొదటివాడి దగ్గర కోయాలి. అలా కోస్తే సీజన్ మొదటి మ్యాచ్‌కు మొదటివాడు పూర్తిగా సిద్ధం కాకపోవచ్చు. పోటీ పెట్టడానికి కోచ్ చెల్లించే అసలు ధర అది. ఆ ధర చెల్లించకుండా 'అందరికీ సమాన అవకాశం' అంటే అది పత్రికల వాళ్ల కోసం చెప్పే మాటే.

ముగ్గురు మనుషులు

2010లో సియాటిల్‌కు వచ్చినప్పటి నుంచి క్యారోల్ నినాదం ఒక్కటే, ఎప్పుడూ పోటీ పడుతూనే ఉండాలి. అతనూ, జనరల్ మేనేజర్ జాన్ ష్నైడర్ కలిసి తొలి రెండేళ్లలో జట్టును దాదాపు తిరగరాశారు. క్వార్టర్‌బ్యాక్ మాత్రం కుదరలేదు. 2011లో టార్వారిస్ జాక్సన్ ఛాతీ కండరం చిరిగినా నొప్పి ఓర్చుకుంటూ ఆడాడు. అతను నడిపిన 14 మ్యాచ్‌లలో ఏడు గెలుపులు, ఏడు ఓటములు. తోటి ఆటగాళ్లకు అతనంటే గౌరవం ఉండేది, జట్టు యాజమాన్యానికి మాత్రం ఇంకా ఏదో కావాలి.

2012 మార్చిలో ఆ 'ఇంకా ఏదో' పేరు పేటన్ మానింగ్. ఇండియానాపొలిస్ జట్టు వదిలేసిన ఆ మహామహుడైన క్వార్టర్‌బ్యాక్ కొత్త జట్టు వెతుక్కుంటున్నాడు. క్యారోల్, ష్నైడర్ ఇద్దరూ విమానమెక్కి పిలవని పేరంటానికి డెన్వర్ దాకా వెళ్లారు. మానింగ్ వాళ్లను కలవలేదు, చివరికి డెన్వర్ బ్రాంకోస్‌నే ఎంచుకున్నాడు. వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చి, మరో దారిలో మ్యాట్ ఫ్లిన్‌తో ఒప్పందం చేసుకున్నారు. మూడేళ్లు, గరిష్ఠంగా 2 కోట్ల 60 లక్షల డాలర్ల దాకా, అందులో కోటి డాలర్లు గ్యారంటీ.

ఫ్లిన్‌కు ఆ డబ్బు తెచ్చిపెట్టింది ముఖ్యంగా ఒకే ఒక్క మధ్యాహ్నం. 2012 జనవరి 1న డెట్రాయిట్ లయన్స్‌తో మ్యాచ్. గ్రీన్‌బే ప్యాకర్స్‌కు ప్లేఆఫ్‌లో మొదటి ర్యాంకు అప్పటికే ఖాయం కావడంతో ఆరన్ రోడ్జర్స్‌కు విశ్రాంతి ఇచ్చి, బ్యాకప్ ఫ్లిన్‌ను దింపారు. పాస్‌లతో 480 గజాలు, 6 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటి గోల్ గీత దాటించి చేసే స్కోర్లు), 45-41తో గెలుపు. ఎందరో దిగ్గజాలు ఆడిన గ్రీన్‌బే చరిత్రలోనే అప్పటికి ఆ రెండు అంకెలూ రికార్డు. ష్నైడర్ సియాటిల్‌కు రాకముందు గ్రీన్‌బేలోనే పనిచేశాడు కాబట్టి ఫ్లిన్ అతనికి తెలియని మనిషేమీ కాదు. అయినా నాలుగేళ్లలో ఆ కుర్రాడు మొదటి నుంచి ఆడిన లీగ్ మ్యాచ్‌లు రెండే.

ఫ్లిన్ గురించి ఇంకో సంగతి చెప్పుకోవాలి, దాన్ని చాలామంది మరిచిపోతారు. 2008 డ్రాఫ్ట్‌లో గ్రీన్‌బే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకుంది. రెండో రౌండ్‌లో బ్రయాన్ బ్రోమ్, ఏడో రౌండ్‌లో, అంటే దాదాపు అడుగున, ఫ్లిన్. ఆ వేసవి శిబిరంలో రెండో రౌండ్ కుర్రాడిని వెనక్కి నెట్టి రోడ్జర్స్ వెనక బ్యాకప్ స్థానం దక్కించుకున్నది ఫ్లిన్. నాలుగేళ్ల తర్వాత తన మీదికి రాబోయే ఆటను అతను ఒకప్పుడు తనే ఆడి గెలిచాడు.

మూడోవాడు విల్సన్. నార్త్ కరోలినా స్టేట్‌లో ఆడి, మధ్యలో కొలరాడో రాకీస్ సంస్థ తరఫున చిన్న లీగుల్లో బేస్‌బాల్ ఆడి, చివరి ఏడాది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడ 33 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. అన్నీ బాగానే ఉన్నాయి, ఎత్తు తప్ప. 5 అడుగుల 11 అంగుళాలకు కాస్త తక్కువ. ముందు నిలబడే లైన్‌మెన్ అంతా 6 అడుగుల 4 అంగుళాలు, ఇంకా పైన. వాళ్ల భుజాల మీదుగా మైదానం ఎలా కనిపిస్తుందన్నది స్కౌట్ల సందేహం. విస్కాన్సిన్ లైన్ కూడా కొండలాంటి మనుషులతోనే ఉండేదనీ, వాళ్ల వెనక నుంచే ఆ 33 పాస్‌లు వేశాడనీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని తెలుగులో అంటారు గానీ, డ్రాఫ్ట్ గదుల్లో కొలతల టేపుకే విలువ ఎక్కువ. ఆ ఏడాది ఆండ్రూ లక్, రాబర్ట్ గ్రిఫిన్, ర్యాన్ టానెహిల్, బ్రాండన్ వీడెన్, బ్రాక్ ఆస్వైలర్ వెళ్లిపోయాక, ఆరో క్వార్టర్‌బ్యాక్‌గా మూడో రౌండ్‌లో విల్సన్ వంతు వచ్చింది. ఆ డ్రాఫ్ట్‌కు కొందరు విశ్లేషకులు సియాటిల్‌కు ఫెయిల్ మార్కులు వేశారు. ఫ్లిన్‌ను కొన్న నెలన్నరకే మళ్లీ క్వార్టర్‌బ్యాక్ ఎందుకన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి.

ప్రాక్టీసు మైదానంలో

మే నెలలో కొత్త కుర్రాళ్లకు మాత్రమే పెట్టే మూడు రోజుల శిబిరం ఒకటి ఉంటుంది. అది ముగిశాక క్యారోల్ ఒక మాట అన్నాడు, విల్సన్ కూడా పోటీలో ఉన్నాడని. అప్పుడు చాలామంది దాన్ని కోచ్‌లు అనే మర్యాద మాటగానే తీసుకున్నారు. మూడో రౌండ్ రూకీని, అంటే కొత్త ఆటగాడిని, తొలి ఏడాది ఎవరూ ఆడించరు. పైగా ఇద్దరు అనుభవజ్ఞులు అప్పటికే ఉన్నారు.

కానీ లేక్ వాషింగ్టన్ ఒడ్డున రెంటన్‌లోని ప్రాక్టీసు మైదానంలో మాట ప్రకారమే జరిగింది. మొదట్లో జాక్సన్ మొదటి వరుసతో (అసలు ఆటగాళ్ల బృందంతో) దిగేవాడు, తర్వాత ఫ్లిన్, ఆ తర్వాత విల్సన్. ముగ్గురికీ స్నాప్‌లు పంచారు. ఇది చెప్పుకున్నంత తేలిక కాదు. మొదటి వరుస సెంటర్ మ్యాక్స్ అంగర్ చేతి నుంచి బంతి అందుకోవడం, రిసీవర్ సిడ్నీ రైస్‌తో పాస్ టైమింగ్ కుదుర్చుకోవడం, ఇవన్నీ ముగ్గురితో మూడుసార్లు చేయాలి. తమ జట్టులోనే ప్రమాదకర డిఫెన్స్‌గా ఎదుగుతున్న రిచర్డ్ షెర్మన్, ఎర్ల్ థామస్ బృందం రోజూ ఎదురుగా ఉండేది. వాళ్ల మీద ప్రాక్టీసులో తేలినవాడికి బయటి జట్లంటే పెద్ద భయం ఉండదు.

ముగ్గురికి పంచితే స్నాప్‌లు ఎవరికీ సరిపోవు. అందుకే ప్రీసీజన్ మ్యాచ్‌లు మొదలయ్యే వేళకు జాక్సన్ వంతు కరిగిపోయింది. పోటీ ఫ్లిన్, విల్సన్‌ల మధ్యకు వచ్చింది. తొలి రెండు మ్యాచ్‌లు ఫ్లిన్ మొదలుపెడతాడు, రెండో సగం విల్సన్ ఆడతాడు. చూడ్డానికి ఇది సమాన పంపకం, నిజానికి కాదు. మొదటి సగంలో ఎదుటి జట్టు అసలు ఆటగాళ్లు ఆడతారు. రెండో సగంలో ఉండేవాళ్లలో సగానికి సగం మంది పది రోజుల్లో ఉద్యోగం పోయేవాళ్లే. పైగా ప్రీసీజన్‌లో ఏ జట్టూ తన అసలు వ్యూహాలు బయటపెట్టదు, సాదా డిఫెన్స్‌తో సరిపెడుతుంది. అందుకే ఆ అంకెలను కాస్త అనుమానంతోనే చూడాలి.

ఆగస్టు 11న టెనెస్సీతో ఫ్లిన్ 13 పాస్‌లలో 11 పూర్తిచేశాడు. వచ్చింది మాత్రం 71 గజాలే, ఒక ఇంటర్‌సెప్షన్ (ఎదుటి జట్టు పట్టేసిన పాస్) కూడా. విల్సన్ 16కు 12, 124 గజాలు. బ్రేలన్ ఎడ్వర్డ్స్‌కు 39 గజాల టచ్‌డౌన్ పాస్ ఒకటి, తనే 32 గజాలు పరిగెత్తి చేసిన టచ్‌డౌన్ ఒకటి. వారం తర్వాత డెన్వర్‌లో, మానింగ్ ఎదుటి పక్షంలో ఉండగా, ఫ్లిన్ 13కు 6, మొత్తం 31 గజాలు. విల్సన్ 17కు 10, 155 గజాలు, 2 టచ్‌డౌన్‌లు.

డెన్వర్ మ్యాచ్‌లో ఒక క్షణం దగ్గర ఆగాలి. ఫ్లిన్ టెరెల్ ఓవెన్స్‌కు బాగా దూరంగా ఒక పాస్ వేశాడు. బంతి సరిగ్గా చేతుల్లోకే వచ్చింది. పట్టి ఉంటే టచ్‌డౌన్. ఓవెన్స్ జారవిడిచాడు. ఒకప్పుడు లీగ్‌లోనే మేటి రిసీవర్లలో ఒకడు, ఆ రోజు అతనికి ఒక్క క్యాచ్ కూడా రాలేదు. ఆ బంతి నిలిచి ఉంటే ఫ్లిన్ పేరు పక్కన 31 గజాలు అనే బక్కచిక్కిన అంకె ఉండేది కాదు, మర్నాటి పత్రికల్లో 'ఫ్లిన్ దూసుకొచ్చాడు' అని ఉండేది. ప్రీసీజన్ అంకెల బరువు ఎంతో ఈ ఒక్క బంతితో తెలిసిపోతుంది. పదమూడు పాస్‌ల లెక్కలో ఒక్క చేజారిన క్యాచ్ మనిషి తలరాతనే మార్చినట్టు కనిపిస్తుంది.

మార్చలేదు గానీ. ఎందుకంటే క్యారోల్ చూస్తున్నది ఆ అంకెలను కాదు. విల్సన్ మీద ఉన్న న్యాయమైన అభ్యంతరం ఒక్కటే: ఇదంతా రెండో, మూడో వరుస వాళ్ల మీద. దానికి జవాబు తెలుసుకోవాలంటే పద్ధతి ఒక్కటే, అతన్ని మొదటి వరుసతో, మొదటి వరుస మీదికి దింపడం. అప్పట్లో నాలుగు ప్రీసీజన్ మ్యాచ్‌లు ఉండేవి (2021లో లీగ్ సీజన్‌ను 17 మ్యాచ్‌లకు పెంచినప్పుడు వీటిని మూడుకు తగ్గించారు). వాటిలో మూడోది డ్రెస్ రిహార్సల్ లాంటిది. అసలు ఆటగాళ్లు సగం ఆట దాటేదాకా ఆడేది అందులోనే. మామూలుగా ఏ కోచ్ అయినా ఆ మ్యాచ్‌ను తన నంబర్ వన్‌కే ఇస్తాడు. నాలుగో మ్యాచ్‌లో అసలు ఆటగాళ్లు చెమట కూడా పట్టనివ్వరు కాబట్టి, ఈ మూడోది పోయిందంటే పోటీ పోయినట్టే. క్యారోల్ ఆ మ్యాచ్ విల్సన్‌కు ఇచ్చాడు.

ఆగస్టు 24, కాన్సస్ సిటీ, యారోహెడ్ స్టేడియం. మోచేయి నొప్పితో ఫ్లిన్ ఆడనే లేదు.  విల్సన్ 19 పాస్‌లలో 13 పూర్తిచేశాడు, 185 గజాలు, 2 టచ్‌డౌన్‌లు, ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. చీఫ్స్ మొదటి వరుస డిఫెన్స్ మీద ఒకదాని వెంట ఒకటిగా స్కోర్లు చేయించాడు. చుట్టుముట్టినప్పుడు పక్కకు జరిగి పరిగెత్తి గజాలు తెచ్చాడు, కానీ పారిపోయే పరుగు కాదు, కళ్లు ఎప్పుడూ దూరాన రిసీవర్ల మీదే. మ్యాచ్ 44-14తో ముగిసింది. రెండు రోజుల్లో ప్రకటన వచ్చింది.

ఫ్లిన్ మోచేయి బాగుండి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కొంచెం ఆలస్యమయ్యేదేమో. కానీ మూడో మ్యాచ్ విల్సన్‌కేనని నిర్ణయించిన కోచ్ మనసులో త్రాసు అప్పటికే ఒక వైపు వంగింది.

డబ్బు సంగతి

ఇలాంటి పోటీలు పేరుకే మిగిలిపోవడానికి పెద్ద కారణం డబ్బు. 2012లో ఒక్కో జట్టు జీతాలకు పెట్టగలిగిన గరిష్ఠ పరిమితి 12 కోట్ల డాలర్లు, ఆపైన కొన్ని లక్షలు. ఆ పరిమితిలో కోటి డాలర్ల గ్యారంటీ ఇచ్చినవాడిని బెంచీ మీద కూర్చోబెట్టడమంటే, తప్పు చేశామని యాజమాన్యం అందరి ముందూ ఒప్పుకున్నట్టే. మనుషుల స్వభావం దానికి ఒప్పుకోదు. పెళ్లిలో వడ్డించింది బాగాలేకపోయినా డబ్బు పోసి చేయించాం కదా అని తినిపించినట్టు, బాగా ఆడకపోయినా కొన్నవాడినే ఆడిస్తారు. క్యారోల్, ష్నైడర్ ఆ కోటి డాలర్లను ఖర్చయిపోయిన సొమ్ముగా చూశారు. ఆడినా ఆడకపోయినా అది ఇవ్వాల్సిందే, ఇక దాన్ని చూసి నిర్ణయం తీసుకోవడం దండగ.

ఇంకో వైపు లెక్క ఇంకా ఆసక్తికరం. ఆ ఏడాది విల్సన్ మూల వేతనం 3 లక్షల 90 వేల డాలర్లు, రూకీలకు కనీస వేతనం అది. నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపి 30 లక్షల డాలర్ల లోపు. 2011 ఒప్పందం ప్రకారం మూడో సీజన్ పూర్తయ్యేదాకా దాన్ని మార్చి రాయడానికి వీల్లేదు. అంటే జట్టులోకెల్లా ఖరీదైన స్థానం మూడేళ్లపాటు దాదాపు ఉచితంగా నిండిపోయింది. మిగిలిన డబ్బుతో 2013లో క్లిఫ్ ఏవ్రిల్, మైకేల్ బెనెట్ లాంటి డిఫెన్స్ ఆటగాళ్లు వచ్చారు. ఆ తర్వాతి కాలంలో లీగ్ అంతా 'చవక రూకీ క్వార్టర్‌బ్యాక్ ఉన్నప్పుడే కప్పు కొట్టాలి' అనే లెక్క వేయడం మొదలుపెట్టిందంటే, దానికి సియాటిల్ ఒక పెద్ద ఉదాహరణ. అయితే ఆ ఆగస్టులో క్యారోల్ ఈ లెక్క వేసుకుని విల్సన్‌ను ఎంచుకున్నాడనుకోవడం పొరపాటు. ఫ్లిన్ డబ్బు ఎలాగూ పోయేదే కాబట్టి ఆ ఏడాదికి ఆదా ఏమీ లేదు.

పక్క ఊరి పోటీ

అదే వేసవిలో, అదే డివిజన్‌లో, అంటే లీగ్‌లోని అదే గ్రూపులో, అరిజోనా కార్డినల్స్‌లోనూ క్వార్టర్‌బ్యాక్ పోటీ జరిగింది. ఒక వైపు కెవిన్ కోల్బ్, ముందు ఏడాది 6 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందంతో తెచ్చినవాడు. ఇంకో వైపు ఐదో రౌండ్‌లో దొరికిన జాన్ స్కెల్టన్. ఇద్దరిలో ఎవరూ గెలవని పోటీ అది. ఆగస్టు చివరిదాకా సాగదీసి, సీజన్ గుమ్మంలో స్కెల్టన్ పేరు ప్రకటించారు.

సీజన్ మొదటి మ్యాచ్ ఈ రెండు జట్ల మధ్యే పడటం యాదృచ్ఛికం. స్కెల్టన్ చీలమండ దెబ్బతిని బయటికి వెళ్లాడు. బెంచీ మీద ఉన్న కోల్బ్ దిగి, నాలుగో క్వార్టర్‌లో జట్టును నడిపించి గెలిపించే టచ్‌డౌన్ వేశాడు. 20-16. విల్సన్ చివరి నిమిషాల్లో గోల్ గీత దగ్గరిదాకా వెళ్లి ఆగిపోయాడు. అంటే పోటీ తీర్పు వచ్చిన తొలి వారంలోనే, ఓడిన కోల్బ్ గెలిచాడు, గెలిచిన విల్సన్ ఓడాడు. ఆ రాత్రి ఎవరైనా ఈ రెండు జట్లను పోల్చి ఉంటే సియాటిల్ తప్పు చేసిందనే రాసేవారు. అరిజోనా తొలి నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది కూడా. తర్వాత కోల్బ్ గాయపడ్డాడు, ఒకరి తర్వాత ఒకరు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, సీజన్ 5-11తో (5 గెలుపులు, 11 ఓటములతో) ముగిసింది.

సియాటిల్‌లో నాలుగో మ్యాచ్‌కు అసలు పరీక్ష వచ్చింది. సెయింట్ లూయిస్‌లో విల్సన్ మూడు ఇంటర్‌సెప్షన్లు వేసి 19-13తో ఓడాడు. జట్టు 2-2. ఆ రెండు గెలుపుల్లో ఒకటి గ్రీన్‌బే మీద, తాత్కాలిక రిఫరీలు చివరి క్షణంలో ఇచ్చిన, నేటికీ గొడవపడే టచ్‌డౌన్‌తో వచ్చింది. ఫ్లిన్‌ను దింపాలని రేడియోల్లో, పత్రికల్లో గోల మొదలైంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ జట్టు పొరుగింటిది. రెంటన్ మైదానం అక్కడికి కారులో కూతవేటు దూరం, అప్పటి యజమాని పాల్ అలెన్ వాళ్లలో చాలామంది పనిచేసే మైక్రోసాఫ్ట్‌కు సహవ్యవస్థాపకుడు. ఆ సోమవారం ఆఫీసుల కాఫీ గదుల్లో కూడా ఇదే చర్చ నడిచి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

క్యారోల్ కదల్లేదు. ఎందుకు కదల్లేదో చెప్పాలంటే మళ్లీ స్నాప్‌ల దగ్గరికే రావాలి. పోటీ ముగిశాక స్నాప్‌లు తిరిగి ఒక్కరికే వెళ్లాయి. ఇప్పుడు మళ్లీ మారిస్తే ఇద్దరూ సగం సగం సిద్ధమైనవాళ్లవుతారు. అరిజోనాకు ఆ ఏడాది జరిగింది సరిగ్గా అదే, గాయాల వల్ల అయితేనేం. క్యారోల్ ఆటల జాబితాను కాస్త కుదించి, రన్నింగ్‌బ్యాక్ మార్షాన్ లించ్ పరుగు మీద భారం వేసి, కుర్రాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చాడు. రెండు వారాల తర్వాత టామ్ బ్రేడీ ఉన్న న్యూ ఇంగ్లండ్ మీద, చివర్లో సిడ్నీ రైస్‌కు 46 గజాల టచ్‌డౌన్ పాస్‌తో 24-23 గెలుపు వచ్చింది. సీజన్ ముగిసేసరికి 11-5. విల్సన్‌వి 26 టచ్‌డౌన్ పాస్‌లు, రూకీగా పేటన్ మానింగ్ పేరిట ఉన్న రికార్డుకు సమానం. ఫ్లిన్ ఆ ఏడాది మొత్తమ్మీద వేసినవి 9 పాస్‌లు.

తర్వాత

2013 వసంతంలో ఫ్లిన్‌ను ఓక్లండ్ రైడర్స్‌కు ఇచ్చేశారు. అక్కడ అతనే మొదటి క్వార్టర్‌బ్యాక్ అన్నారు. ప్రీసీజన్ వచ్చింది. వరుసగా రెండో ఏడాది ఒక కుర్రాడు, ఈసారి టెరెల్ ప్రయర్, అతని స్థానం తీసుకున్నాడు. ఆ శరదృతువులోనే చేతులు మారి, రోడ్జర్స్ గాయపడిన గ్రీన్‌బేకే తిరిగొచ్చి, డాలస్‌లో సగం ఆటకు 26-3తో వెనకబడిన మ్యాచ్‌ను 37-36తో గెలిపించాడు. ఆటగాడిగా అతను పనికిరానివాడేం కాదు. పోటీలో అతనికి ఎదురుపడ్డవాళ్లు వేరు, అంతే.

జాక్సన్ బఫలో నుంచి మరుసటి ఏడాదే సియాటిల్‌కు తిరిగొచ్చాడు, తన స్థానం తీసుకున్న విల్సన్‌కే బ్యాకప్‌గా. 2014 ఫిబ్రవరి 2న పేటన్ మానింగ్ జట్టు మీద సూపర్‌బౌల్ 43-8తో చేతికొచ్చాక, చివరి నిమిషాల్లో విల్సన్‌ను బయటికి పిలిచి జాక్సన్‌ను లోపలికి పంపారు.

విల్సన్ పదేళ్లు సియాటిల్‌లో ఆడి, 2022లో డెన్వర్ వెళ్లాడు. అక్కడ కలిసిరాలేదు. 2024లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో జస్టిన్ ఫీల్డ్స్‌తో ప్రీసీజన్ పోటీలో నిలబడాల్సి వచ్చింది. గెలిచాడు గానీ పిక్క గాయంతో తొలి ఆరు మ్యాచ్‌లు ఫీల్డ్సే ఆడాడు. 2025లో న్యూయార్క్ జెయింట్స్ ప్రీసీజన్ మొదలయ్యేసరికి మొదటి క్వార్టర్‌బ్యాక్ విల్సనేనని కోచ్ బ్రయాన్ డేబోల్ ముందే తేల్చి చెప్పాడు. మొదటి రౌండ్‌లో 25వ ఆటగాడిగా వచ్చిన జాక్సన్ డార్ట్ ప్రీసీజన్ మ్యాచ్‌లలో అందరి కళ్లనూ తనవైపు తిప్పుకున్నా, ఆగస్టులో ఆ మాట మారలేదు. తొలి మూడు మ్యాచ్‌లూ ఓడాక మారింది. నాలుగో వారం చార్జర్స్‌తో ఆటలో మొదటి స్నాప్ డార్ట్ చేతికి వెళ్లింది. 36 ఏళ్ల విల్సన్ గీత బయట నిలబడి చూశాడు.